పంటు దాటి జపాను భోజనానికి

దుబాయ్‌లో నేను రెండేళ్లు కరెంటు పని చేసినప్పుడు మా గదిలో సత్తిబాబని సఖినేటిపల్లి వాడు ఉండేవాడు. జపాను హోటల్లో వంటవాడు. అక్కడ ఖరీదైన భోజనం ఒకటుందట. ఏం కావాలో మనం చెప్పకూడదు. ఆ రోజుల్లో ఏది రుచిగా దొరికితే అది, వంటవాడే తనకు తోచిన వరసలో, ఒక్కొక్కటిగా చేతికందిస్తాడు. మేం పప్పుచారన్నంలోకి ఆ కబుర్లే నంజుకునేవాళ్లం.

నేను తిరిగొచ్చి భీమవరంలో స్థిరపడ్డాను. రెండువేల మూడు మార్గశిరంలో, సెలవు మీద వచ్చిన సత్తిబాబు ఫోన్ చేశాడు.

"కార్తీకం వెళ్లిపోయింది కదండీ, ఆదివారం వచ్చెయ్యండి. ఏం పెడతానని మాత్రం అడక్కండి."

ఆరున్నర పాసింజరెక్కి ఏడున్నరకు నరసాపురంలో దిగాను. రేవులో అవతలి ఒడ్డు సఖినేటిపల్లికి దాటించే పంటు సిద్ధంగా ఉంది గానీ గోదావరి ఎక్కడా కనపడలేదు, అంత మంచు. మోటారుసైకిళ్లు, పాలక్యాన్లు, కోళ్లగంపలు, మేము, అందరం కలిసి ఆ తెల్లదనంలోకి బయల్దేరాం. ఇంజను చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ మిగల్లేదనిపించింది. ఎక్కడికి పోతున్నానో కూడా మర్చిపోయేంత హాయిగా ఉంది.

పక్కన తెల్లపంచె పెద్దాయన, సూర్యనారాయణగారు, మాట కలిపారు. కూతురింటికట. అల్లుడు దుబాయ్ కంపెనీలో సూపర్‌వైజరట. పేరడిగితే తీరా మా సత్తిబాబే! ఒకే గదిలో ఉన్నవాళ్లమని చెప్పగానే ఆయన మొహం చిన్నబోయింది.

"అయితే మీకు తెలుసన్నమాట. వంట సంగతి మా ఊళ్లో ఎవరితోనూ అనకండి బాబూ," అన్నారు గొంతు తగ్గించి.

అల్లుడు గరిటె పట్టుకుంటాడని తెలిసినప్పటినుంచి, నాలుగేళ్లుగా ఆయన ఆ ఇంట్లో మంచినీళ్లు తప్ప ముట్టలేదట. కూతురు ఏడ్చి బతిమాలితే ఇవాళ వస్తున్నారు. తింటానని మాత్రం మాటివ్వలేదు.

అవతలి రేవులో ఇద్దరం ఒకే ఆటో ఎక్కాం. డబ్బులు నన్నివ్వనివ్వలేదు. దారి పొడుగునా కొబ్బరిచెట్ల మొదళ్లే కనిపించాయి, తలలు మంచులో ఉండిపోయాయి.

పదకొండున్నరకు సత్తిబాబు నెత్తికి గుడ్డ చుట్టుకుని మమ్మల్ని అరుగు మీద బల్ల ముందు కూర్చోబెట్టాడు. అతని భార్య లక్ష్మి గుమ్మంలో నిలబడి తండ్రినే చూస్తోంది. మొదట తాటితేగ వచ్చింది, ఉడికించి పల్చగా కోసి ఉసిరి రసం చల్లినది. తర్వాత పండుగప్ప ముక్క. జపానువాళ్లలా గోదారి చేప పచ్చిగా పెట్టనంటూ, కొబ్బరిచిప్పల నిప్పుల మీద అలా చూపించి తీశాడు. అది నోట్లో కరిగిపోయాక కూడా నాకు కళ్లు తెరవబుద్ధి కాలేదు. పెద్దాయన మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు. మామ అల్లుడికి మర్యాద చెయ్యాలి గానీ అల్లుడి చేత వడ్డించుకోవడమేమిటని ఆయన బాధ.

మూడోది అన్నం ముద్ద, మీద రొయ్య. ఆ ముద్ద చూసి ఆయన ఉండబట్టలేకపోయారు.

"కొత్తబియ్యం వండేవా? ఇంటికొచ్చినోళ్లకి ముద్దయిపోయిన అన్నం పెడతారటయ్యా?"

మావైపు కొత్తబియ్యం పరమాన్నానికే గానీ, భోజనానికి పాతబియ్యమే మర్యాద.

సత్తిబాబు తలెత్తకుండానే చెప్పాడు. "దీనికి ఇలా అంటుకోవాలండి మావయ్యగారూ. అక్కడ ఇలాటి బియ్యం ఓడల మీద తెప్పిస్తారండి. ముద్ద చేసినప్పుడల్లా మీ చేలో బియ్యమైతేనా అనుకునేవోణ్ణండి. ఇయ్యి అయ్యేనండి. అత్తయ్యగారు పంపేరు."

పెద్దాయన ఆ ముద్దను చూసి, కట్టుకున్న చేతులు విప్పారు. చెయ్యి చాపారు. సత్తిబాబు రెండు చేతులా అందించాడు. ఆయన మెల్లగా నమిలి, "ఆయ్" అని తలూపి, మళ్లీ చెయ్యి చాపారు. లక్ష్మి గబగబా లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత పీత వచ్చిందో, చిక్కుడు వచ్చిందో, అన్నీ కలలో తిన్నట్టే ఉన్నాయి.

నాలుగు గంటల పంటుకి ఇద్దరం తిరుగుప్రయాణం కట్టాం. ఎండ పల్చగా ఉంది, నీళ్లు కదులుతున్నట్టే లేవు. ఇలాంటి భోజనం దొరికితే ఆకలితో వెళ్లండి, తొందరపడకండి, అంతకంటే చెప్పడానికి నాకేమీ తోచడం లేదు. పెద్దాయన ఊరివాడొకడు పలకరించి, కూతురింట్లో ఏం వండించి పెట్టేరండీ అనడిగాడు.

పెద్దాయన కండువా సర్దుకుని, పంటు మీదున్న వాళ్లందరికీ వినపడేలా చెప్పారు.

"మా అల్లుడే వండి పెట్టేడండి. ఆడి ఉద్యోగం అదేనండి."