బంగాళాదుంపైనా దిగుతుంది

లమార్ టోబ్లర్ వెళ్ళే చర్చి సంఘంలో ఎవరి జీవిత చరిత్ర వాళ్ళే రాసిపెట్టుకోవాలని పెద్దలు చెబుతారు. మనవలు చదువుకుని బాగుపడాలట. లమార్ కూడా అరవయ్యో ఏట ఒక నోటుబుక్కు కొన్నాడు. మొదటి పేజీలో "ఈ ఎర్రకొండల కింద, కాలవ పక్కన ఇంట్లో పుట్టాను. అప్పటినుంచి పెద్దగా కదల్లేదు" అని రాశాడు. రెండో పేజీకి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. పెళ్ళి, నలుగురు పిల్లలు, ముప్ఫై ఒక్క ఏళ్ళ స్కూలు బస్సు ఉద్యోగం అన్నీ ఆ పేజీలోనే సర్దేసినా కింద సగం ఖాళీ మిగిలింది. "మనవలు నిరాశ పడతారేమో, కానీ తొందరగా చదివేయొచ్చు" అని ఆ ఖాళీలో ఒక వాక్యం చేర్చాడు.

ఊళ్ళో ఏటా అక్టోబరు మొదటి శనివారం మారథాన్ జరుగుతుంది. పైన పైన్ చెట్ల కొండ దగ్గర బయలుదేరి, ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం పక్కనుంచి, నల్లరాళ్ళ మధ్యగా, ఎర్రటి ఎడారిలోకి ఇరవయ్యారు మైళ్ళు దిగి ఊరి పార్కులో ఆగుతుంది. పరిగెత్తేవాళ్ళని తెల్లవారకముందే కొండ మీదికి చేర్చేది స్కూలు బస్సులే. లమార్ ఇరవై రెండేళ్ళు ఆ పని చేశాడు. చలికి వణికే జనాన్ని పైన చలిమంటల దగ్గర దించేసి, ఖాళీ బస్సుతో కిందికొచ్చి, కడుపునిండా అట్లు తిని, పడక్కుర్చీలో వాలేవాడు. అతని భార్య నెల్డా మాత్రం ఆ బస్సుల్లోనే ఏదో ఒకటి ఎక్కి పైకెళ్ళి, పరిగెత్తుకుంటూ దిగేది. అలా తొమ్మిదిసార్లు దిగింది.

ఆ తొమ్మిదిసార్లలో ఒక్కసారి కూడా లమార్ పార్కులో ఆమె కోసం నిలబడలేదు. ఒక ఏడు టైరు పంక్చరు. ఒక ఏడు నడుంనొప్పి. మిగతా ఏళ్ళన్నిటికీ సంఘం మహాసభ ఉంది. అదే శనివారం ఉదయం పదింటికి టీవీలో పెద్దల ప్రసంగాలు మొదలవుతాయి. లమార్‌కి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. భార్యని చూడ్డానికి వెళ్ళలేదంటే నలుగురూ తప్పుపడతారు గానీ, దైవవాక్యం వింటున్నాడంటే ఎవరు తప్పుపడతారు? ప్రారంభ ప్రార్థనలోనే గురక మొదలయ్యేదన్న సంగతి పరుగు ముగించి వచ్చి అతన్ని నిద్రలేపే నెల్డాకి మాత్రమే తెలుసు.

అసలు గొడవ మార్చిలో ఉపవాస ఆదివారం నాడు మొదలైంది. ఆ రోజు రెండు పూటలు ఎవరూ ఏమీ తినరు. ప్రసంగం ఉండదు. మనసు కదిలినవాళ్ళు లేచి వేదిక మీదికెళ్ళి సాక్ష్యం చెబుతారు. ఖాళీ కడుపుతో మైకు ముందు నిలబడితే మనిషికి ఒళ్ళు తెలియదు. వానలు పడ్డందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పి దిగిపోదామనే వెళ్ళాడు లమార్. మధ్యలో ఏదో అంటే ముందువరసలో ఒకాయన నవ్వాడు. ఇక నోటి దూల ఆగలేదు.

"ఈ అక్టోబర్లో మా నెల్డా పదోసారి పరిగెడుతోంది. మీరంతా తెగ మెచ్చుకుంటున్నారు. కానీ బ్రదర్స్, సిస్టర్స్, ఆ రోడ్డు మీద ఇరవై రెండేళ్ళు బస్సు నడిపినవాణ్ణి చెబుతున్నా, అదంతా దిగుడే! పైన ఒక బంగాళాదుంపని వదిలితే అదైనా మధ్యాహ్నానికి పార్కుకి చేరుతుంది. దుంపకెవరైనా మెడలో పతకం వేస్తారా? ఆ మాటకొస్తే నేనైనా దిగుతాను!"

సభంతా ఘొల్లుమంది. బిషప్ కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాలుగో వరసలో నెల్డా మాత్రం పాటల పుస్తకం తెరిచి చూస్తోంది. అప్పుడు ఎవరూ పాట పాడటం లేదు.

ఇంటికెళ్ళి, గరాజులో కారు దిగాక ఆమె అంది.

"అయితే అక్టోబర్లో నువ్వూ పరిగెడుతున్నావన్నమాట."

"నేనా? అది జోకు, నెల్డా."

"వేదిక మీద చెప్పేది సాక్ష్యం. జోకులు చెప్పడానికి ముందు మెట్లు దిగాలి."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. అందులోనూ రెండు వందల మంది ముందు, దేవుడి పేరు మీద జారిన నోరు. ఆ సాయంత్రమే ఆమె అతని పేరు పంపించింది. పరుగులో కొత్తవాళ్ళకి చోటు లాటరీలో ఇస్తారు. ఐదారేళ్ళుగా దరఖాస్తు పెడుతూ రానివాళ్ళు ఊళ్ళో బోలెడుమంది. తన పేరు రాకూడదని లమార్ మోకాళ్ళ మీద ప్రార్థించాడు. మొదటిసారికే వచ్చింది. "నా ప్రార్థనకి ఇంత తొందరగా జవాబు రావడం ఇదే మొదలు" అని నోటుబుక్కులో రాసుకున్నాడు.

పరుగు సంగతి అలా ఉంచితే, ఇంట్లో ఇంకొకటి జరిగింది. నెల్డా కబుర్లు ఆగిపోయాయి. అంతకుముందు పొద్దున్నే పరిగెత్తి వచ్చి, చెమట తుడుచుకుంటూ, వంటగదిలో నిలబడి ఏదో ఒకటి చెప్పేది. కాలవ దగ్గర తాబేలు కనిపించిందనీ, కొండ మీద కొత్తగా ఎవరో ఇల్లు కడుతున్నారనీ, ఇవాళ పన్నెండు మైళ్ళు సులువుగా అయిపోయాయనీ. లమార్ పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టేవాడు. ఇప్పుడు ఆమె నిశ్శబ్దంగా వచ్చి, నిశ్శబ్దంగా స్నానానికి పోతోంది. భోజనాల దగ్గర ఉప్పు అందించడం, బిల్లు గుర్తుచేయడం మామూలే. పరుగు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నలభై ఏళ్ళలో ఇల్లు ఇంత చప్పగా ఎన్నడూ లేదు. ఊఁ కొట్టడం కూడా తనకి అంత ఇష్టమైన పని అని లమార్‌కి అప్పటిదాకా తెలియదు. ఆ ఇరవయ్యారు మైళ్ళూ తన కాళ్ళతో దిగి పార్కులో ఆమె ముందు నిలబడితే తప్ప ఆ మాటలు తిరిగి రావని అతనికి అర్థమైంది.

కాబట్టి సాధన చేశాడు. ఎలా చేశాడంటే, కాలవ గట్టు మీద, చదునైన చోట, సాయంత్రం చల్లబడ్డాక. కొండ దిగే సాధన ఒక్కరోజూ చేయలేదు. దిగడం నేర్చుకోవడమేమిటి? పసిపిల్లలు కూడా దిగుతారు. అదీగాక ఆ రోడ్డు తనకి అరచేతిలో గీతలాంటిది. బస్సులో.

పరుగుకి ముందురోజు సంఘంలో ఒక ముసలాయన అంత్యక్రియలు పడ్డాయి. ఆ ఊళ్ళో అంత్యక్రియలంటే భోజనంలో బంగాళాదుంప తురుము, మీగడ, చీజు కలిపి కాల్చిన వంటకం తప్పనిసరి. దుంపలు తింటే బలమని ఎక్కడో విన్నాడు లమార్. పోయినాయనకి గౌరవంగా మూడుసార్లు వడ్డించుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున బస్సు నడిపింది అతని పాత స్నేహితుడు ఎల్డన్. ఇన్నేళ్ళలో మొదటిసారి లమార్ వెనక సీట్లో కూర్చున్నాడు.

"ఏంటి టోబ్లర్, ఇవాళ సరుకు వైపున్నావు?" అన్నాడు ఎల్డన్ అద్దంలో చూస్తూ.

"ముందు రోడ్డు చూసి నడుపు."

"రోడ్డు నువ్వు చూసుకో. ఇంకాసేపట్లో దగ్గర్నుంచి కనిపిస్తుంది."

పైన చలిమంట దగ్గర అందరూ దుప్పట్లు కప్పుకుని నిలబడ్డారు. మూడు వడ్డనల దుంపలు అప్పుడే తమ ఉనికి చాటుకున్నాయి. లమార్ పొద్దు పొడవబోయే ఆ అందమైన ఎడారి ఆకాశాన్ని మరుగుదొడ్ల వరసలో నిలబడి చూశాడు. తిరిగి వచ్చేసరికి నెల్డా బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది.

"మొదటి ఏడు మైళ్ళూ వేగం తగ్గించి దిగు," అంది తలెత్తకుండా. "కాళ్ళు పరిగెత్తుతామంటాయి. వాటి మాట వినకు."

మార్చి తర్వాత పరుగు గురించి ఆమె అన్న మొదటి మాట అది. లమార్ సంతోషం పట్టలేకపోయాడు. ఆ సంతోషంలో మాట మరిచిపోయాడు.

మొదటి ఆరు మైళ్ళు అతను పరిగెత్తలేదు, దొర్లాడు. కుర్రాళ్ళని దాటాడు. సైన్యంలో పనిచేసినట్టు కనిపించే ఒకణ్ణి దాటాడు. కుడివైపు ఆకాశం గులాబీరంగుకి తిరిగి, నల్లటి అగ్నిపర్వతం అంచు మీద ఎండ పడుతోంది. పక్కన ఎవరో "అబ్బ, ఎంత బాగుందో" అన్నారు. లమార్ అటు చూడలేదు. వచ్చే ఉపవాస ఆదివారం చెప్పబోయే సాక్ష్యంలో మొదటి వాక్యం వెతుక్కుంటున్నాడు.

ఏడో మైలు దాటాక రోడ్డు పైకి లేచింది.

లమార్ నమ్మలేకపోయాడు. ఇరవై రెండేళ్ళు ఈ రోడ్డు మీద తిరిగాడు. ఇక్కడ ఎక్కుడు ఎప్పుడు పెట్టారు? ఖాళీ బస్సు ఆ ఎత్తుని ఒక్క గేరులో దాటేసేది. అది ఎక్కింది గానీ తను ఎక్కలేదన్న సంగతి ఇప్పుడు తెలిసింది. అది మైలు పొడుగునా సాగి, దాని చివర ఇంకొకటి మొదలైంది. సగంలో అతను నడకలోకి దిగాడు. అప్పుడు ఎడమవైపునుంచి ఒక తెల్లటి టోపీ నెమ్మదిగా ముందుకొచ్చింది. సంఘంలోని సిస్టర్ ఆఫ్టన్. డెబ్భై ఎనిమిదేళ్ళు. అతనికి రెండో తరగతిలో కూడికలు నేర్పిన టీచరు.

"లమార్, వీపు నిటారుగా పెట్టు," అందావిడ.

"పెట్టాను, టీచర్."

"పెట్టలేదు. చిన్నప్పుడూ ఇంతే." ఆగకుండా చెప్పి, ఆగకుండా వెళ్ళిపోయింది.

పద్దెనిమిదో మైలు దగ్గర లోయ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. తెల్లరాయి, ఎర్రరాయి, వాటి మీద పోసినట్టు నల్లరాయి, అడుగున ఎక్కడో ఊరి పచ్చదనం. పరుగు పోస్టర్ల మీద వేసేది ఆ బొమ్మే. అక్కడినుంచి అసలు దిగుడు. నిజమైన, నిటారు దిగుడు. లమార్ ఒక అడుగు వేశాడు. రెండు తొడలూ మంటలో పెట్టినట్టు భగ్గుమన్నాయి. ఒంటి బరువంతా ఆపుతూ దిగిన తొడలు ఇక ఆపలేమని చెప్పేశాయి. బంగాళాదుంపకి తొడలుండవు. ఆ తేడా అతనికి మార్చిలో తట్టలేదు.

కాసేపు పక్కవాటుగా నడిచాడు. కాసేపు రెయిలింగు పట్టుకున్నాడు. చివరికి వెనక్కి తిరిగి, వీపు ఊరివైపు పెట్టి దిగితే నొప్పి కాస్త తక్కువని కనిపెట్టాడు. అలాగే దిగాడు. ఎండ నెత్తికెక్కింది. పరిగెత్తేవాళ్ళని హుషారు చెయ్యడానికి రోడ్డు పక్కన కుర్చీలు వేసుకుని గంటలు మోగించినవాళ్ళు కుర్చీలు మడుస్తున్నారు. ఒకావిడ జాలిపడి "నాయనా, పార్కు అటువైపు కాదు!" అని అరిచింది.

"తెలుసమ్మా. రివర్సులో పెడుతున్నా," అన్నాడు లమార్.

ఇరవై రెండో మైలు దగ్గర పక్కనే బ్రేకు చప్పుడైంది. ఆగిపోయినవాళ్ళని ఏరుకుంటూ వచ్చే చివరి బస్సు. తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి చల్లగాలి వచ్చి అతని మొహానికి తగిలింది.

"ఎక్కు లమార్," అన్నాడు ఎల్డన్. ఈసారి వెటకారం లేదు. "గడువు ఎలాగూ దాటిపోతుంది. నెల్డా ఏమీ అనదు."

"అదేగా నా భయం. మార్చినుంచి ఏమీ అనడం లేదు."

"మొండోడివి."

"మొండితనం కాదురా. వెధవతనం. తిన్నగా చెప్పేసుకోవాల్సింది మార్చిలోనే. చెప్పుకోలేక ఇక్కడిదాకా వచ్చా."

ఎల్డన్ తలుపు వెయ్యలేదు. నాలుగు మైళ్ళూ అలా తెరిచే ఉంచి, నడిచే వేగంతో అతని వెనకాలే వచ్చాడు. లమార్ వెనక్కి నడుస్తున్నాడు కాబట్టి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే ఊళ్ళోకి దిగారు.

పార్కు దగ్గర చివరి మలుపు తిరిగేసరికి గడువు దాటి ఇరవై నిమిషాలయింది. ముగింపు గీత మీది గడియారం ఆపేశారు. గాలి నింపి నిలబెట్టిన తోరణం, ఆ గాలి తీసేస్తుంటే సగం వంగి ఉంది. లమార్ పరువు కోసం ముందుకు తిరిగి, ఒక్కొక్క అడుగూ ఏడుపు మొహంతో వేస్తూ దాని కిందుగా తల వంచి వెళ్ళాడు. అవతల కంచె పక్కన నెల్డా నిలబడి ఉంది. మెడలో ఎర్రరాతి పతకం, ముఖం మీద ఎండిన ఉప్పు చారలు. పదకొండుకే వచ్చేసిందట.

లమార్ గడ్డి మీద కూలబడ్డాడు. "రెండున్నర గంటలు నిలబడ్డావా? ఇంటికెళ్ళి పడుకోవాల్సింది."

"అది నువ్వు చేసే పని."

అతను తల దించుకున్నాడు. ఆమె మెల్లగా, ఒక మోకాలు వంచకుండా, పక్కనే కూర్చుంది.

"ప్రతి ఏడూ ఆ మలుపు తిరగ్గానే నీ కోసం చూసేదాన్ని," అంది. "ఇవాళ కూడా చూశా. నువ్వు నా వెనకాల ఎక్కడో కొండ మీద ఉన్నావని తెలిసి కూడా చూశా. అలవాటైపోయింది."

"తప్పయింది నెల్డా. ఆ దుంప మాట... అసలు ఏదీ తెలియకుండా వాగాను." లమార్ ఆ మలుపు వైపు చూశాడు. "వచ్చే ఏడు ఉంటా. పొద్దున్నుంచీ ఇక్కడే ఉంటా. ఒట్టు."

"వచ్చే ఏడు లేదు."

"ఏం?"

"మోకాలు. పదోదానితో ఆపేయమన్నాడు డాక్టరు. మార్చిలోనే చెప్పాడు. ఆ ఆదివారం చర్చినుంచి వచ్చాక నీకు చెబుదామనుకున్నా. ఈ ఒక్కసారైనా నువ్వొచ్చి నిలబడతావా అని అడుగుదామనుకున్నా."

లమార్ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నెల్డా అతని వీపు మీద చెయ్యి వేసింది. అటుగా పోతున్న వాలంటీరు ఒకాయన చూసి, పాపం కాళ్ళు పట్టేసినట్టున్నాయనుకుని, పరిగెత్తుకెళ్ళి రెండు ఐసు సంచులు తెచ్చి అతని తొడల మీద పెట్టాడు. లమార్ వాటిలో ఒకటి తీసి నెల్డా మోకాలి మీద పెట్టి, జారిపోకుండా చేత్తో పట్టుకున్నాడు.