పొగతాగనివాళ్ల జాబితాలో నాన్న

గుంటూరులో నేను పనిచేసే స్కానింగ్ సెంటర్లో మా డాక్టరుగారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. సిగరెట్ ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో చూడాలని. కొద్దిపాటి రేడియోధార్మిక మందు కలిపిన తుంపరను పీల్చమని, అరగంట కెమెరా కింద పడుకోబెట్టేవాళ్లం. పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల్లోంచి ఆ మందు తొందరగా రక్తంలోకి జారిపోతుంది. తాగనివాళ్లలో నెమ్మదిగా వెళ్తుంది. పోల్చడానికి తాగనివాళ్లు కావాలి. అరవై దాటిన మగవాళ్లలో మా వైపు అలాంటివాళ్లే దొరకలేదు. నాన్నని అడిగాను.

నాన్న పొదిలి దగ్గర పల్లెలో బడిపంతులుగా రిటైరయ్యారు. చుట్టూ పొగాకు చేలే అయినా ఆ వాసన పడదనేవారు. మా తమ్ముడి జేబులో సిగరెట్ దొరికిన రోజు వాణ్ణి వీధిలో నిలబెట్టి కొట్టారు.

ఫారంలో "ఎప్పుడూ తాగలేదు" అని రాసి సంతకం పెట్టారు. తుంపర పీల్చి పడుకున్నారు. పది నిమిషాలకే తెర మీద మందు గీత గబగబా జారడం మొదలైంది. కెమెరాలో లోపమేమోనని చూశాను. బాగానే ఉంది.

"మీరు అడుగుతారా, నేను అడగనా?" అన్నారు డాక్టరుగారు.

"నేనే అడుగుతానండి."

నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు.

"నాన్నా, సిగరెట్ తాగుతారా?"

చేతులు ఆగిపోయాయి. "అందులో కనపడిందా?"

"వేరే జబ్బున్నా అలా కనపడొచ్చు. అందుకే అడుగుతున్నా."

"రోజుకి రెండు మూడేనమ్మా," అన్నారు. "ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ. మీ అమ్మకి కూడా తెలీదు."

అబద్ధం రాసినందుకు కోపం రావాలి. జబ్బు కాదేమోనన్న ఊరటే ముందొచ్చింది. నలభై ఏళ్లు ఆయన ఎంత ఒంటరిగా తాగి ఉంటారో అనిపించింది. అమ్మకి తెలియదంటే మాత్రం నమ్మలేకపోయాను.

ఆ సాయంత్రం నాన్న మా తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరేయ్, నిన్ను కొట్టిన రోజు నా జేబులోనూ ఉందిరా," అన్నారట. వాడు ఆ మాట నాకు చెబుతూ ఏడ్చేశాడు.

డాక్టరుగారు నాన్న పేరును పొగతాగేవాళ్ల జాబితాలోకి మార్చారు. మానేసినవాళ్లకి నెల తర్వాత మళ్లీ స్కాన్ తీసేవాళ్లం. నెల తిరిగేసరికి నాన్న, మానేసిన సంగతి నాకు చెప్పకుండానే, బస్సెక్కి వచ్చేశారు.

"ఇప్పుడెలా ఉంది?" అన్నారు కెమెరా కింద పడుకునే.

"నెమ్మదిగానే దిగుతోంది నాన్నా. అలాగని పాడైందంతా బాగుపడదు."

"తెలుసమ్మా."

తర్వాత ఇద్దరం ఎదురు హోటల్లో టిఫిన్ చేశాం. నోరు ఊరుకోవడం లేదంటూ ఆయన సోంపు రెండుసార్లు తీసుకున్నారు.