హుసేనక్క పేరు నాకొక్కదానికే చెప్పిపోయిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీలో అకౌంట్స్ పరీక్ష రాసి బయటికొస్తున్నాను. దసరా అయిపోయి, ఆదోని జిన్నింగ్ మిల్లులకు కొత్త పత్తి దిగుతున్న వారం అది. దేవరగట్టు కర్రల సమరంలో తలకు తగిలిన దెబ్బల కట్లు ఇంకా విప్పని హమాలీలు అప్పుడే లారీలు దించుతున్నారు. మిల్లు మనిషి పోవడానికి అంతకన్నా చెడ్డ సమయం దొరకదు. ఏడుపుకంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి, ఆమె గురించి మెత్తగా రాయలేకపోతే మీరేమీ అనుకోకండి.

పెద్దమ్మ మిల్లులో ఆడవాళ్లకు మేస్త్రి. పత్తి మిషన్లోకి పోకముందు ఆడవాళ్లు కుప్పల చుట్టూ కూర్చుని ఆకు, తొక్కలు, పచ్చబడిన దూది ఏరేస్తారు. ఎవరు ఏ కుప్ప దగ్గర, ఎవరి పక్కన కూర్చోవాలో చెప్పడమే పెద్దమ్మ పని. నాన్న అదే మిల్లులో లారీలు తూచే వేబ్రిడ్జి చూస్తాడు. కాలేజీ బస్సు నన్ను గేటు ముందు దింపుతుంది కాబట్టి సాయంత్రాలు అక్కడే కూర్చుని చదువుకునేదాన్ని. ఆమె చదువుకోనిస్తే కదా! "ఆ నీలం చీరామె ఎట్ల సేస్తాండాదో సూడు" అని నా తల పుస్తకంలోంచి పైకి లేపేది. బాగా స్పీడ్‌గా చేస్తోందని చెప్తే విసుక్కునేది.

"చేతులు గాదు పాపా. ఆమె పక్కన కూసున్నోళ్లను సూడల్ల."

కొత్తగా వచ్చిన మనిషికి మొదటి రోజు చోటు చెప్పేది కాదు. నీ ఇష్టమొచ్చిన చోట కూర్చో అనేది. ఆమె తెలిసినవాళ్ల పక్కకు పోయిందా, ఒంటరిగా కూర్చుందా, నీళ్లకు తానే లేచిందా, ఎవరైనా తెస్తారేమోనని చూసిందా, అన్నీ గమనించి మర్నాడు చోటు చూపించేది. తోడికోడళ్లను ఒక కుప్ప దగ్గర కూర్చోనిచ్చేది కాదు. ఇంట్లో పెళ్లయినా ఇదే గోల. నా వయసు పిల్లలందరూ పన్నీరు చల్లుతుంటే నన్ను నగలున్న గదిలో కాపలా పెట్టేది. "దీని నోట్లోంచి మాట రాదు" అని అందరి ముందూ మెచ్చుకునేది. అది మెచ్చుకోలని ఆమె ఒక్కతే అనుకునేది.

ఆమె మీద మిల్లులో అందరికీ ఉన్న ఫిర్యాదు హుసేనక్క. గోనెగండ్ల నుంచి కాపురానికి వచ్చిన మనిషి, చేతులు నెమ్మది. ఆమెను పెద్దమ్మ ఒక చోట కుదురుగా కూర్చోనిచ్చేది కాదు. ఈ రోజు ఈ కుప్ప, రేపు ఆ కుప్ప. నెమ్మదిగా చేస్తుందని శిక్ష వేస్తోందని అందరూ జాలిపడేవాళ్లు. నేనూ జాలిపడ్డాను.

మా కామర్స్ పుస్తకంలో టాలెంట్ మేనేజ్‌మెంట్ అని ఒక పాఠం ఉంది. ఎవరిలో ఏముందో చూసి తగిన చోట పెట్టడం, వాళ్లు నిలిచేలా చేయడం, రేపటికి మనిషిని తయారుచేయడం. నేను బట్టీ పడుతుంటే పెద్దమ్మ అదేమిటో చెప్పమంది. తెలుగులో చెప్పాను. చివరి మాట దగ్గర ఆపింది. పెద్ద పోస్టులో ఉన్నవాళ్లు తమ తర్వాత ఎవరో ముందే చూసిపెట్టుకోవాలట, అది చెప్పి ఉంచాలట అని మళ్లీ చదివాను.

"మంచి మాట రాసినారు" అంది. కాసేపు వక్క నమిలి, గొంతు తగ్గించింది. "నా తర్వాత హుసేని. ప్రతి కుప్ప దగ్గర, ప్రతి ఒక్కరి పక్కన దాన్ని కూసోబెట్టినా. అది కూసున్న కాడ కొట్లాట ఉండదు. దానికి మాత్రం సెప్పొద్దు. ఇప్పుడే తెలిస్తే పెత్తనం నేర్సుకుంటాది."

చెప్పి ఉంచాలన్నది పైవాళ్లకు. ఆమె చెప్పింది నాకు. హాజరు పిలిస్తే గట్టిగా పలకలేని నాకు! మనుషుల్ని చూసి పని అప్పగించడంలో అంత పేరున్న మనిషి చేసిన పని ఇది.

ఆమె పోయాక మిల్లు యజమాని సావుకారి మంచి మనసుతోనే, కుప్పల దగ్గర ఏరే ఈరమ్మను మేస్త్రిని చేశాడు. మిల్లులో ఈరమ్మ చేతుల్ని మించిన చేతులు లేవు, పెద్దమ్మకు అదే గౌరవం అన్నాడు. ఆడవాళ్లూ చప్పట్లు కొట్టారు. దానితో మంచి చేతులు కుప్ప మీంచి లేచిపోయాయి, చెప్పడం రాని మనిషి నిలబడి చెప్పాల్సి వచ్చింది. ఈరమ్మకు ఎవరు నెమ్మదిగా చేసినా ఓర్పు ఉండదు, పక్కకు తోసి తనే ఏరేది. తోడికోడళ్లు ఒక చోట చేరారు. పత్తి ఆకుతోనే మిషన్లోకి పోయింది. రోజూ అరుపులు. ఇదంతా వేబ్రిడ్జి కిటికీలోంచి చూస్తూ నేను గోళ్లు కొరుక్కున్నాను. నాన్నతో అంటే, సావుకారి మాట మీద మనం మాట్లాడితే రేపు తన పని ఏమవుతుందో ఆలోచించమన్నాడు.

ఆ శనివారం సాయంత్రం మా ఆడవాళ్లను పనికి తీసుకుపోవడానికి ఎమ్మిగనూరు మిల్లు వాళ్ల ఆటోలు మా గేటు ముందుకొచ్చి నిలబడ్డాయి. సగం మంది ఆడవాళ్లు టిఫిన్లు తీసుకుని ఎక్కేశారు. పెద్దమ్మ ఏళ్ల తరబడి కూర్చిన ముఠా అది. సావుకారి బయటికొచ్చి బతిమాలుతున్నాడు. నేనెలా పోయి ఆయన ముందు నిలబడ్డానో తెలియదు.

"పెద్దమ్మ హుసేనక్కను అనుకుంది" అన్నాను.

ఆటోలోంచి ఎవరో, హుసేని ఒక గంప ఏరేలోపల పొద్దు గూకుతాదని నవ్వారు. సావుకారి ఎవరు చెప్పారని అడిగాడు. పెద్దమ్మే అన్నాను.

"నీకా?"

ఆ ప్రశ్న నేను పెద్దమ్మను ఎన్నిసార్లు అడగాలనుకున్నానో. ఆయనకు జవాబు చెప్పింది ఈరమ్మ.

"దానికే సెప్తాది సామీ. ఇంగెవురికి సెప్పినా తెల్లారేతలికి ఊరంతా తెలిసిపోయుండు. నన్ను ఈ పని నుంచి తీసేయండి. నాకు నిద్ర పట్టడంల్యా." ఆ మాట అని, ఎవరి జవాబూ వినకుండా పోయి కుప్ప దగ్గర కూర్చుంది.

హుసేనక్క ఒళ్లోని దూది దులుపుకుని లేచింది. తర్వాత ఆటో దగ్గరికి నడిచింది. "లచ్చిమక్కా, నీ మోకాలు ఎమ్మిగనూరు దాకా మడుసుకోని కూసోలేవు. దిగు. పద్దమ్మా, బిడ్డకు పాలు ఎవురిస్తారు, ఆడ ఎవురుండారు నీకు?" గొంతు పెంచలేదు. ఒక్కొక్కరి పక్కన కూర్చున్నప్పుడు విన్నవన్నీ ఆమెకు గుర్తున్నాయి. అందరూ దిగలేదు. కానీ ఒక ఆటో ఖాళీగా పోయింది.

మేస్త్రి ఇప్పుడు హుసేనక్కే. నాన్న పని పోలేదు. నా ప్రశాంతతే పోయింది. ఇప్పుడు గేటు దాటితే చాలు, ప్రతి ఒక్కరూ పక్కకు పిలిచి, నా గురించి మీ పెద్దమ్మ ఏమనేది పాపా అని అడుగుతున్నారు. అందరి గురించీ అనింది. నేను చెప్పను. ఆమె చూసిన మనుషులందరినీ నా తలలో కూర్చోబెట్టిపోయింది, నన్ను అడగకుండా.

పెద్దమ్మను తలుచుకుంటే ఆ సాయంత్రం ఈరమ్మ కనబడుతుంది. మేస్త్రి పని దిగిపోయి కుప్ప ముందు కూర్చుని ఏడుస్తోంది. వేళ్లు మాత్రం చూపుకు అందనంత వేగంగా ఏరుతున్నాయి. ఎగిరిన దూది తడి చెంపలకు తెల్లగా అంటుకుంటోంది. తుడుచుకోవడానికి ఆమె చేతులు ఖాళీగా లేవు.