పొర చిరిగినప్పుడు

మా జువాలజీ మేడం పోయారు. సత్తెనపల్లిలో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో ఒకరికి కట్టు కడుతుండగా ఫోన్ మోగింది. చేసింది ఇంటర్‌లో నా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలు. "పొద్దున కాఫీ కలుపుతా కలుపుతా కూలబడిపోయారంట. గుండె ఆగింది. సాయంత్రం లోపల తీసకపోతారు, బయల్దేరి రావే" అంది. కట్టు పూర్తిచేసి, చేతులు కడుక్కుని, నరసరావుపేట బస్సెక్కాను.

నరసరావుపేటలోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఆవిడ మాకు పాఠం చెప్పేవారు. సుద్దముక్కను చీర చెంగున ముడేసుకునేవారు. నిద్రపోయేవాళ్ళను తిట్టకుండా మోచేతి దగ్గర సన్నగా గిల్లేవారు. కణత్వచం గురించి మా పుస్తకంలో ఉన్నది ఆవిడకు చాలేది కాదు. ఒకరోజు కోడిగుడ్డును వెనిగర్‌లో నానబెట్టి, పెంకు కరిగాక క్లాసుకు తెచ్చారు. పొరతో మాత్రమే నిలిచిన ఆ మెత్తటి గుడ్డును తలా ఒకసారి వేలితో నొక్కమన్నారు.

"ఇది కణం పొర కాదు, దానికంటే చానా మందం. ఊహించుకోడానికి తెచ్చా. నొక్కితే సాగింది గదా? కణం పొరలో తలుపుల్లాంటి ప్రోటీన్లుంటయ్. పొర బిగుసుకుంటే అవి తెరుచుకుంటయ్. కాల్షియం లోపలికి దూకుద్ది. అదే కణానికి కబురు. అమ్మ బుగ్గ నిమిరినా, ఎవడన్నా చెంప పగలగొట్టినా, మీకు తెలిసేది అక్కడే మొదలు."

"మరి పొర చిరిగితే మేడం?" అని అడిగాను.

"చిరుగులోంచి వచ్చేదీ కాల్షియమే. అది రాగానే లోపలున్న చిన్న చిన్న తిత్తులు అక్కడికి చేరి అతుకేస్తయ్. చిరుగు చిన్నదైతే కణం బతుకుద్ది."

"బట్టీ పట్టింది అప్పజెప్పబాకండి, ఏం జరుగుద్దో చెప్పండి" అని రోజూ అనేవారు.

ఆవిడ పుట్టినూరూ, మా ఊరూ గురజాల వైపే. ఆదివారాలు ఇళ్ళకు పోయి, సోమవారం పొద్దున ఒకే బస్సులో తిరిగి వచ్చేవాళ్ళం. అలాంటి ఒక సోమవారం, దారిలో ఒక ఊరి దగ్గర నలభై ఏళ్ళ మనిషి పొలాల్లోంచి పరిగెత్తుకొచ్చి బస్సెక్కాడు. చొక్కా చినిగి ఉంది. "పోనీయన్నా, పోనీ" అంటున్నాడు డ్రైవర్‌తో. అంతలో కిటికీ పక్కనే రోడ్డు మీద నాటు బాంబు పేలింది. అద్దాలు మా ఒళ్ళో పడ్డాయి. పొగలోంచి ముగ్గురు కొడవళ్ళతో లోపలికి వచ్చారు. ఊళ్ళో రెండు వర్గాల పగ అని తర్వాత తెలిసింది.

మేడం లేచి దారికి అడ్డంగా నిలబడ్డారు. ఎడమ చెవిలోంచి రక్తం కారుతోంది, ఆవిడకు తెలియలేదు.

"తప్పుకోమ్మా. నీతో మాకు పన్లేదు."

"పిల్లలున్నారు బస్సులో. దిగండి."

ఒకడు ఆవిడను సీటు రాడ్డు మీదకు తోశాడు, తల రాడ్డుకు కొట్టుకుంది. తర్వాత వాళ్ళు ఆ మనిషిని నరికారు. భుజం మీద, మెడ పక్కన, తొడ మీద. కొడవలి ఎముకకు తగిలిన చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. పని కాగానే దిగి పోయారు.

మేడం మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి మెడ పక్క గాయం మీద రెండు అరచేతులూ పెట్టారు. "నువ్వు ఇటు రా. తొడ మీద నొక్కు. బలంగా. జారిపోద్ది, వదలబాకు" అన్నారు నాతో. డ్రైవర్ ఎక్కడా ఆపకుండా బస్సును ఆసుపత్రికి పోనిచ్చాడు. ఆ మనిషి నీళ్ళడిగాడు. తర్వాత "మా అమ్మకు చెప్పబాకండి" అన్నాడు. పేట పొలిమేరలో ప్రాణం పోయింది. ఆసుపత్రి గేటు దాటేదాకా మేడం చేతులు తియ్యలేదు.

కొన్నాళ్ళకు ఆవిడ క్లాసుకు వచ్చారు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. దాన్నీ పాఠంగానే చెప్పారు. "చెవి లోపల కణాల మీద సన్నటి కుచ్చులుంటయ్. శబ్దానికి వంగుతయ్. బాంబు దెబ్బకి నావి విరిగి, కణాలు చచ్చినయ్. కోడికైతే మళ్ళీ పుడతయ్, మనకు పుట్టవు. కుడివైపుకొచ్చి మాట్లాడండి."

క్లాసయ్యాక నేను దగ్గరకు వెళ్ళాను. "మేడం, ఆయన కణాలు కూడా అతుకేసుకోవాలని చూశాయా?"

సుద్దముక్కను చెంగున ముడేసుకుంటూ చెప్పారు. "చూసినయ్. మనం నొక్కినంతసేపూ చూస్తానే ఉన్నయ్. చిరుగు చానా పెద్దదమ్మా."

నేను నర్సింగులో చేరడానికి కారణం అడిగేవాళ్ళకు ఏదో ఒకటి చెబుతుంటాను. అసలు కారణం ఆ మాట.

ఆ కేసులో మేడం సాక్షి. అది కోర్టుకు వచ్చేలోపు ఆవిడ ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఆవిడ భర్తను రోడ్డు మీద బండితో గుద్ది కాలు విరగ్గొట్టారు. నరికినవాళ్ళ తరఫున రాయబారానికి వచ్చింది ఆవిడ పాత శిష్యుడే. "చూడలేదని చెప్పండి మేడం, చాలు" అన్నాడట. "చూశాన్రా" అని, కాఫీ ఇచ్చి పంపారట.

వాయిదా రోజు నేనూ వెళ్ళాను. "తలకు దెబ్బ తగిలిందిగా, మీ జ్ఞాపకాన్ని ఎట్లా నమ్మాలి?" అని అవతలి లాయరు అడిగాడు. "వాళ్ళ మొహాలు నన్ను తోయకముందే చూశానండి" అన్నారు. ఇద్దరిని చూపించారు. మూడోవాడి దగ్గర ఆగారు. "ఇతను అవునో కాదో చెప్పలేను. మూడో మనిషి మొహానికి తువ్వాలుంది." ఇద్దరికి శిక్ష పడింది, మూడోవాడు ఇంటికి పోయాడు.

కోర్టు వరండాలో చనిపోయినతని తల్లి ఆవిడ చీర పట్టుకుని గుంజింది. "వాడూ నరికాడని ఊరంతా ఎరుగుదురు. ఒక్క మాట చెప్తే నీ నోరు పడిపోద్దా?"

"చూడంది చూశానంటే, చూసింది కూడా అబద్ధమైపోద్దమ్మా" అన్నారు మేడం. ఆ తల్లి నేల మీద ఉమ్మేసి వెళ్ళిపోయింది. ఆ తల్లి అడిగిన మాటే మేడంను చాలాకాలం తిననివ్వలేదని, నిద్రపోనివ్వలేదని ఆవిడ భర్త తర్వాత చెప్పారు.

నేను వెళ్ళేసరికి మేడంను వాకిట్లో పడుకోబెట్టారు. పాత విద్యార్థులు వీధి పొడుగునా నిలబడి ఉన్నారు. స్నానం అయింది, పసుపు రాశారు. అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగి, ఒక ముసలామె దిగింది. నేను గుర్తుపట్టాను. మేడం భర్త కూడా గుర్తుపట్టి, కర్ర ఆనించుకుని లేచి నిలబడ్డారు.

ఆమె మేడం పక్కన చతికిలబడి, గుండె మీద కలిపి పెట్టిన చేతుల్లోంచి ఒకటి మెల్లగా విడదీసి, అరచెయ్యి తెరిచి చూసింది. వేలితో ఆ గీతలన్నీ తడిమింది.

"నా కొడుకును ఆఖర్న పట్టుకున్న చెయ్యి ఇదే గదా" అంది, అడుగుతున్నట్టుగా.

"అవునమ్మా" అన్నాను.

ఆమె ఆ అరచేతిని తన చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. పాడె మోసేవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. చెయ్యి వదలమని ఆమెతో ఎవరూ అనలేదు.