సీరియల్లో రెండు వారాలు

మా అమ్మకు సీరియల్ పిచ్చి. ఆ రోజుల్లో తెనాలిలో చదవడం వచ్చిన ఆడవాళ్ళందరికీ ఉన్న పిచ్చే అది. వారపత్రిక రాగానే సీరియల్ ఉన్న కాగితాలు విడదీసి, వరసగా పేర్చి, కథ అయిపోయాక బైండు చేయించేది. పుట్టింటి వాళ్ళు పెట్టిన గొలుసు ఎక్కడ దాచిందో మర్చిపోయేది గానీ, ఏ వారం కాగితం ఏ పెట్టెలో ఉందన్నా టక్కున తీసి ఇచ్చేది.

ఇది అరవయ్యో దశకం మొదట్లో సంగతి. నేను తొమ్మిదో తరగతి. వేమూరు దగ్గర మాకు పొలాలు ఉండేవి, చదువుల కోసం తెనాలిలో కాపురం. మా హైస్కూల్లో లైబ్రరీ అంటే వరండా చివర ఒక గది, రెండు బీరువాలు, ఒక బల్ల. పేరుకు అది తెలుగు మాస్టారి చేతిలో ఉండేది. నిజంగా చూసుకునేది మాత్రం నా పక్కన కూర్చునే స్నేహితురాలు. తనే లైబ్రరీ లీడరు. వాళ్ళ నాన్న నిజాంపట్నం వైపు సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. అమ్మ తెనాలి మార్కెట్లో ఎండు చేపలూ ఎండు రొయ్యలూ అమ్మేది. వాసనంటూ ముక్కు మూసుకుని క్లాసులో ఇంకెవరూ తన పక్కన కూర్చునేవాళ్ళు కాదు. నేను కూర్చున్నది గొప్ప మనసుతో అనుకునేరు. కొత్త పుస్తకం అందరికంటే ముందు నా చేతిలో పెడుతుందని కూర్చున్నాను.

బడి తెరిచిన నెలలోపే బెజవాడ నుంచి కొత్త పుస్తకాల కట్ట వచ్చేది. ఆ వారమంతా నా స్నేహితురాలికి పండగే. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలిపి జిగురు చేసేది. అట్టలు వేసి నంబర్లు అతికించేది. అన్నిటికంటే ముందు తను చదివి, నల్లబల్ల మీద ఒక్కో పుస్తకం గురించి రెండు ముక్కలు రాసేది. ఒకదాని కింద ‘ఏడుపొస్తే నాది పూచీ కాదు’ అని రాస్తే, దానికోసం ఆడపిల్లలు జుట్లు పట్టుకున్నంత పని చేశారు. వారపత్రిక వచ్చిన రోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వరండాలో కూర్చుని సీరియల్ పైకి చదివేది. ముక్కు మూసుకున్న మహాతల్లులే చుట్టూ చేరి నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు.

“ఎస్సెల్సీ పాసైతే లైబ్రరీ పనికి ట్రైనింగు ఉంటదంటే. మాస్టారు చెప్పారు,” అంది ఒకరోజు అట్టలు వేస్తూ. “జీతమిచ్చి మరీ పుస్తకాల మధ్య కూర్చోబెడతారంట. ఇంకేం కావాలే!” ఆ మాట అన్నప్పుడు తన ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నాకు ఆ వయసులో ఏం కావాలో నాకే తెలియదు. తనకు తెలుసు.

మూడు నెలలకోసారి వారపత్రికలన్నీ కలిపి దబ్బనంతో కుట్టేది. మధ్యలో పాడైన కాగితం తీసెయ్యాలంటే, తడిపిన దారం మడతలో పెట్టి, కాసేపు ఆగి మెల్లగా లాగేది. చప్పుడు లేకుండా కాగితం ఊడి వచ్చేది. ఆ కిటుకు నాకు ఒక్కదానికే నేర్పింది.

అదే సమయంలో చీరాల నుంచి మా పిన్ని వచ్చింది. రైల్లో చదువుకుంటానని అమ్మ దగ్గర రెండు వారాల సీరియల్ కాగితాలు పట్టుకెళ్ళి, వాటిని రైల్లోనే వదిలేసి దిగింది. పాత సంచికలు ఎక్కడా దొరకలేదు. అమ్మ అన్నం దగ్గర కూడా అదే గొడవ. రెండు వారాలు లేని పుస్తకం ముందుపళ్ళు ఊడిన నోరులా ఉంటుందని, అంతకంటే చింపి పొయ్యిలో పెట్టడం మేలని. మా అమ్మ నన్ను మెచ్చుకోవడం అరుదు. ఈసారి మెచ్చుకోవాలి అనుకున్నాను.

ఒక శుక్రవారం లైబ్రరీ పీరియడు అయిపోయాక నా స్నేహితురాలు “కాస్త చూస్తా ఉండవే, నీళ్ళు తాగొస్తా” అని వెళ్ళింది. బీరువా తెరిచే ఉంది. అమ్మకు కావలసిన ఆ రెండు వారాలూ ఉన్న కుట్టిన సంపుటి తీశాను. ఓణీ అంచు నుంచి ఒక పోగు లాగి నోట్లో తడిపి మడతలో పెట్టాను. తను తిరిగి వచ్చేసరికి రెండు వారాలూ నా పరికిణీ బొడ్లో ఉన్నాయి. ఇద్దరం కలిసే బీరువాకు తాళం వేశాం.

అమ్మ ఆ కాగితాలు చూసి నా బుగ్గలు పుణికింది. ఎక్కడివే అంటే, స్నేహితురాలు ఇచ్చిందని చెప్పాను. అబద్ధం ఆడేటప్పుడు కూడా తన పేరే నోటికి వచ్చింది.

పది రోజులు తిరక్కుండానే హెడ్మాస్టరు గారింటి నుంచి ఆ సంపుటి కావాలని కబురు వచ్చింది. మాస్టారు తీసి చూస్తే మధ్యలో రెండు చోట్ల ఖాళీ. క్లాసుకు పట్టుకొచ్చి తనను నిలబెట్టారు.

“తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది?”

“నా దగ్గరేనండి.”

“మరి పేజీలు ఏమైనట్టు?”

తను పుస్తకం చేతిలోకి తీసుకుని కాగితం ఊడిన చోటు వేలితో తడిమింది. ఒక్కసారి నా వంక చూసింది. అంతే. నాకు అర్థమైంది, తనకు అర్థమైందని. మళ్ళీ తల దించుకుని “తెలీదండి” అంది.

మాస్టారు చెడ్డవారు కారు. కోపంలో ఉన్నారు. “మీ అమ్మ ఎండు రొయ్యలు దేంట్లో పొట్లాలు కడుతుందే?” అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నేను నవ్వలేదని రాయాలని ఇప్పుడు చాలా ఉంది. నవ్వాను. అందరూ నవ్వుతుంటే నేనొక్కదాన్నే నవ్వకపోతే దొరికిపోతానని నవ్వాను.

మర్నాడు వాళ్ళమ్మ బడికి వచ్చింది. ఖాళీ గంప వరండా కింద పెట్టి, మెట్టు ఎక్కకుండా నిలబడే చెప్పింది. “పొట్లాల కాయితాలు కొట్లో కొనుక్కుంటానండి. నా బిడ్డ పుస్తకం చింపే పిల్ల కాదండి. అన్నం తినేటప్పుడు కూడా ఎంగిలి చెయ్యి పుస్తకానికి తగలనివ్వదండి.” మాస్టారు సరే సరే వెళ్ళమన్నారు. ఆమె గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నా పక్కన చోటు ఖాళీ.

నేను స్టాఫ్ రూము దాకా రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ గుమ్మం దగ్గర నుంచే తిరిగొచ్చాను. చివరికి అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అమ్మ “ఊరుకో. అయిందేదో అయింది. ఎవరితోనూ అనబాకు. ఆ పిల్ల మాత్రం ఇంకెన్నాళ్ళు చదువుద్దిలే,” అంది. ఆ మాట నాకు హాయిగా అనిపించింది. అదే నన్ను ఇప్పటికీ తినేస్తున్నది. అడుసు తొక్కిన దాన్ని కాలు కడుక్కోవడానికి కూడా బద్ధకించాను.

నెల తిరిగేసరికి మాస్టారు లైబ్రరీ తాళం చెవి నా చేతిలో పెట్టారు. తన పక్కన కూర్చున్నదాన్ని కదా, పని తెలుసన్నారు. పుచ్చుకున్నాను. నల్లబల్ల మీద నేనూ రెండు ముక్కలు రాశాను, ఎవరూ కొట్టుకోలేదు. మధ్యాహ్నం సీరియల్ చదవడాలు ఆగిపోయాయి. తనను నిజాంపట్నం తీసుకెళ్ళిపోయారనీ, ఆ వేసవిలోనే పెళ్ళి చేశారనీ తర్వాత విన్నాను.

నా చదువు మాత్రం ఎక్కడా ఆగలేదు. బాపట్లలో ట్రైనింగు అయ్యాక రేపల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. చేరిన ఏడే లైబ్రరీ నాకు అప్పగించారు. ఏడెనిమిదేళ్ళు గడిచాక, ఒక జూన్ నెల ఆరో తరగతిలో పిల్లల్ని చేర్చుకుంటుంటే, ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది. తనే. నాకంటే పదేళ్ళు పెద్దదానిలా ఉంది.

“మీరిక్కడ చేస్తున్నారని తెలిసే వచ్చానండి,” అంది.

“నన్ను మీరంటావేంటే?” అన్నాను. నవ్విందే గానీ పిలుపు మార్చలేదు.

పని అయ్యాక లైబ్రరీ గదిలోకి తీసుకెళ్ళాను, అక్కడైతే చెప్పగలను అనుకుని. ఆ వారమే వచ్చిన కొత్త పుస్తకాలు బల్ల నిండా ఉన్నాయి. కూతురు చటుక్కున వాటి మీదికి వంగింది. తను ఆ పిల్లను వెనక్కి లాగింది.

“ఆనాడు ఆ కాగితాలు...” అని మొదలుపెట్టాను.

“ఇప్పుడెందుకండి అయ్యన్నీ,” అంది మెల్లగా. కోపం లేదు. ఉంటే బాగుండేది. “ఒక్క మాటండి. దీన్ని బాగా చదివించండి. చదవకపోతే కొట్టండి. మీ మీద నమ్మకంతోనే తెచ్చానండి. ఈ గదిలోకి మాత్రం రానీకండి. క్లాసు పుస్తకాలు చాలు దానికి.”

అలాగేనన్నాను.

ఆ ఏడంతా శుక్రవారం లైబ్రరీ పీరియడులో ఆ పిల్ల వరండాలో గుమ్మానికి వీపు పెట్టి లెక్కలు చేసుకునేది. లోపల ఎవరైనా పైకి చదివితే పెన్సిలు ఆగిపోయేది. ఒక రోజు ఉండబట్టలేక మంచి కథల పుస్తకం ఒకటి తీసి, బయటికి వెళ్ళి ఇచ్చాను.

“మీ అమ్మకు నేను చెప్తాలే, తీసుకో తల్లీ.”

ఆ పిల్ల పుస్తకం అట్ట వంక ఆశగా చూసింది. లేచి నిలబడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“వద్దండి టీచర్. ముట్టుకోనని అమ్మకి ఒట్టేశానండి.”

లోపలికి వచ్చి కూర్చున్నాను. మిగతా పిల్లలు నాకంటే నాకని మీద పడుతున్నారు. ఎవరికి ఏ పుస్తకం ఇచ్చానో కూడా తెలియలేదు, కళ్ళ నిండా నీళ్ళు. తల్లి చేతుల్లోంచి నేను లాగేసుకున్నదాన్ని, కూతురి చేతుల్లో పెట్టడం నా వల్ల కాలేదు.