పెద్దమందడికి పోయిన చెప్పులు

ఒక్క మనిషి తన తెలివితేటలతో ఎంతమందిని ఒకేసారి ఉత్తకాళ్లతో నిలబెట్టగలడు? మీకు అనుమానం ఉంటే నన్ను అడగండి. ఈ విద్యలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు చోట్లా కలిపి వెతికినా నన్ను మించినవాడు దొరకడు. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఘనకార్యం గురించే. హాయిగా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. కాకపోతే మొదలుపెట్టే ముందు మీ చెప్పులు ఎక్కడ విడిచారో ఒకసారి చూసుకుని రండి.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన రోజులవి. గద్వాలలో డిగ్రీ పాసై, దానికి తోడు ఒక కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ సంపాదించి, వనపర్తి శివారులో ఉన్న ఒక పెద్ద ప్రైవేటు హైస్కూల్లో కంప్యూటర్ సారుగా చేరాను. కొత్తగా మొలిచిన మీసం, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఒక దాంట్లో ఇంకు ఉండేది కాదు, అది హోదా కోసం.

ప్రైవేటు బళ్లలో ఎండాకాలం పిల్లలకు సెలవులుంటాయి గానీ పంతుళ్లకు ఉండవు. ఊరూరా తిరిగి వచ్చే ఏటికి పిల్లల్ని పోగు చేయాలి. మా బడి యజమాని, అంటే కరస్పాండెంట్ సారు, ఆ ఏడు కొత్త ఆలోచన చేశాడు. తల్లిదండ్రులనే బడికి పిలిచి అన్నీ చూపించాలన్నాడు. నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"రఫీ, ఆదివారం నాడు మొత్తం నీదే జిమ్మేదారి. కంప్యూటర్ రూము చూసి జనాలు పడిపోవాలె. అడ్మిషన్లు మంచిగైతే నీ నౌకరి పక్కా. కాకపోతే మాత్రం..."

"కాకపోతే ఏంది సార్?"

"గద్వాల బస్టాండు కాడ మీ చిచ్చాకు పంక్చర్ల దుకాణం ఉందంటివి గదా?"

ఉంది. మా చిచ్చా, అంటే మా చిన్నాయన, నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచే నాకోసం ఒక స్టూలు ఖాళీగా ఉంచాడు. పోయినప్పుడల్లా దాన్ని తుడిచి చూపించేవాడు. ఆ స్టూలు తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

ఇక ఆదివారం వచ్చింది. మే నెల. పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. అయినా జనం బాగానే వచ్చారు. పల్లి పండించే రైతులు, బజారులో బట్టల దుకాణం వాళ్లు, బుర్ఖాల్లో తల్లులు, వాళ్ల చేతులు పట్టుకుని పిల్లలు. నేను ముందు నడుస్తూ చెప్పుకుపోయాను. ఇదిగో లైబ్రరీ, ఇదిగో సైన్సు ల్యాబు, ఇదిగో సీసాలో కప్ప, అదిగో ఆటల మైదానం, ఊళ్లకు బస్సు, అబాకస్, కరాటే, యోగా. కరాటే సారూ యోగా సారూ ఒక్కరే అన్న సంగతి మాత్రం చెప్పలేదు.

చివరికి కంప్యూటర్ రూము. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే మనకు ఎంత భయభక్తులో మీకు గుర్తుండే ఉంటుంది. దుమ్ము తగిలితే చచ్చిపోతుందని నమ్మేవాళ్లం. వాటికి గుడ్డ తొడుగులు, గదికి పరదాలు, మానిటర్ నెత్తిన దసరా నాడు పెట్టిన కుంకుమబొట్టు. చెప్పులు విడవకుండా లోపలికి పోతే నేను మీకు శత్రువునే.

"చెప్పులు ఇడ్శి లోపలికి రావాలె" అని గుమ్మంలో నిలబడి ప్రకటించాను.

అందరూ విడిచారు. బాలకిష్టయ్య అని ఒక రైతు, కొడుకును ఆరో తరగతిలో చేర్పించడానికి వచ్చినాయన, కాస్త వెనకాడాడు. ఆయనవి కిర్రుచెప్పులు. అడుగు తీసి అడుగు వేస్తే వీధి చివరికి వినపడే తోలు చెప్పులు.

"పైలం సారూ. మా మామ చెప్పి చేపిచ్చిన చెప్పులు ఇవి."

"నేనున్న గదా పెద్దనాయినా!" అన్నాను. ఈ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో.

జనం లోపల కూర్చుని, తెర మీద చేపలు ఈదుతుంటే నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. అంతలో కరస్పాండెంట్ సారు వచ్చాడు. తన కొత్త నల్లబూట్లు కూడా గుమ్మంలోనే విడిచి, నన్ను పక్కకు లాగాడు.

"గీ చెప్పుల సంత ఏందయ్యా? ఫోటోగ్రాఫర్ వస్తుండు. బడి ఫోటో పడాలెనా, చెప్పుల ఫోటో పడాలెనా? తీపియ్!"

నా బుర్ర ఆ క్షణంలో పాదరసంలా పని చేసింది. అదే నా ఖర్మ. స్టోర్ రూములోంచి గోనెసంచులు తెచ్చి, చెప్పులన్నీ వాటిలో నింపి, ఎండకు కమిలిపోతాయని జాలిపడి, బడి వెనక వేపచెట్టు నీడలో ఉన్న మా పసుపు బస్సులో వెనక సీటు మీద పెట్టాను. నా పొందికకు నేనే మురిసిపోయాను.

ఆ బస్సు పదకొండు గంటలకు మైకు పెట్టుకుని దగ్గర్లోని పెద్దమందడి ఊరికి ప్రచారానికి పోతుందని నాకు తెలియదా? తెలుసు. మైకులో మోగే క్యాసెట్లో గొంతు నాదే. రాత్రంతా కూర్చుని రికార్డు చేసింది నేనే. మరి ఎందుకు గుర్తు రాలేదంటారా? ఆ ప్రశ్న మా చిచ్చా కూడా అడిగాడు.

ఫోటోలు అయ్యాయి. జనం లేచారు. నేను సంచుల కోసం వెనక్కి పరుగెత్తాను. వేపచెట్టు ఉంది. నీడ ఉంది. బస్సు ఉన్నచోట నూనె మరక ఒకటి ఉంది.

తిరిగి వచ్చేసరికి గుమ్మంలో అందరూ ఉత్తకాళ్లతో నిలబడి నా మొహం చూస్తున్నారు.

"చెప్పులేయి సారూ?" అన్నాడు బాలకిష్టయ్య.

"జర ఆగండి పెద్దనాయినా. మీరు లైబ్రరీ సక్కగ చూడలేదు."

"చూస్తిమి గదా!"

"బీరువా ముందర దిక్కే చూసిండ్రు. ఎనుక దిక్కు చూడలేదు."

బయట నేల పెనంలా కాలుతోంది. అడుగు బయటపెట్టే వీలు లేదు గనుక పాపం అందరూ నా వెంటే తిరిగారు. బీరువా వెనక భాగం చూపించాను. సీసాలో కప్పను మూడు వైపుల నుంచీ చూపించి దాని జీవితచరిత్ర చెప్పాను. ఒక తల్లి అడిగింది, "గీ కప్పను పొద్దుగాల గూడ చూపెట్టినవ్ గదా బేటా?"

"అది పొట్ట దిక్కు అమ్మీ, ఇది వీపు."

కరస్పాండెంట్ సారు మాత్రం ఆనందంతో ఉబ్బిపోయాడు. నా భుజం తట్టి, "గింత ఇంట్రెస్టున్న పేరెంట్స్‌ను నేను ఎన్నడు చూడలే రఫీ. పొమ్మన్నా పోతలేరు!" అన్నాడు. ఆయన కూడా ఉత్తకాళ్లతోనే ఉన్నాడు. ఆ సంగతి ఆయనకింకా తట్టలేదు.

ఎట్టకేలకు బస్సు హారన్ వినపడింది. నేను ఎండను లెక్కచేయకుండా గంతులేస్తూ ఎదురెళ్లాను. డ్రైవర్ ఖాజా భాయ్ దిగ్విజయంగా దిగాడు. వెనక సీటు మీద ఖాళీ సంచులు మడతపెట్టి ఉన్నాయి.

"ఖాజా భాయ్, చెప్పులేయి?"

"అన్నీ పంచిన సార్. ఒక్కటి మిగల్లే!"

"పంచినవా? ఎవలు పంచమన్నరు?"

"మీరే సార్! క్యాసెట్ల మీరేమన్నరు? బస్సు ఎక్కి చూడుండ్రి, నెత్తి నుంచి కాళ్ల దాంక అన్నీ మా బడే ఇస్తది అన్నరు. ఊరోళ్లు ఎక్కి చూసిండ్రు. కాళ్లకు సంబంధించినయి సంచులల్ల ఉండె. గిది ఈ ఏటి స్కీము గావచ్చు అనుకున్న. మొగోళ్లకొక లైను, ఆడోళ్లకొక లైను పెట్టిన. ఎవల కాలుకు ఏది పడ్తదో చూసి మరీ ఇచ్చిన సార్. లొల్లి గానియ్యలే."

నాకు కళ్ల ముందు చిచ్చా స్టూలు కనపడింది. ఈసారి దాని మీద నేను కూర్చుని ట్యూబుకు గాలి కొడుతున్నాను.

వరండాలో అంతా విన్నారు. ఒక్కసారిగా గోల లేచింది. కరస్పాండెంట్ సారు అప్పుడు వంగి తన కాళ్లు చూసుకున్నాడు.

"రఫీ, నా బూట్లు?"

"అవి గూడ సంచిలనే వేసిన సార్."

"రేపటి సంది బడికి రాకు" అన్నాడు. ఉద్యోగం పోయిందన్న బాధ కంటే, వీళ్లందరి ముందు ఏడవకూడదన్న బాధ ఎక్కువైంది నాకు.

అంతలో గేటు బయట ట్రాక్టర్ ఆగింది. దాని వెనక ట్రాలీ నిండా పెద్దమందడి జనం, పిల్లాపాపలతో సహా. చెప్పులు ఉచితంగా ఇచ్చిన బడి ఎట్లుంటదో చూద్దామని అప్పటికప్పుడు బయలుదేరి వచ్చేశారు. గేటు నుంచి వరండా దాకా ఒక చప్పుడు నడిచి వచ్చింది. కిర్రు, కిర్రు, కిర్రు.

బాలకిష్టయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అవి నా చెప్పులు!"

వాటిలో ఉన్న ముసలాయన బెదరలేదు. "నీయి ఎట్లయితయే? బడోళ్లు ఇచ్చిండ్రు. డ్రైవరు సారు సైజు గూడ చూసిండు."

"మా మామ చేపిచ్చినయి!"

"మీ మామకు నా కాలు సైజు ఎట్ల తెల్సు?"

ఇటు ఉత్తకాళ్ల పక్షం, అటు చెప్పుల పక్షం, మధ్యలో నేను. కరస్పాండెంట్ సారు తన నల్లబూట్లు ఒక పొట్టి మనిషి కాళ్లకు వదులుగా ఊగుతుండటం చూసి ఒక అడుగు ముందుకేసి రెండడుగులు వెనక్కేశాడు. వెనక్కి అడిగితే పెద్దమందడి అడ్మిషన్లు పోతాయి, అడగకపోతే ఇక్కడివాళ్లవి పోతాయి.

అప్పుడు ట్రాలీలోంచి దిగిన ఒక ముసలమ్మ వరండా వైపు చూసి ముక్కున వేలేసుకుంది. "ఓయమ్మా! గింతమంది చెప్పులిడ్శి చూస్తుండ్రంటే గీ బడి గుడి లెక్కనే ఉన్నట్టుంది. మా మనుమణ్ణి ఈన్నే ఎయ్యాలె" అని, తన కాళ్లకున్నవి కూడా విడిచి లోపలికి నడిచింది.

ఆమె వెనక ట్రాలీ మొత్తం విడిచింది. బాలకిష్టయ్య ఒక్క దూకుతో కిర్రుచెప్పులు అందుకున్నాడు. క్షణంలో ఎవరివి వాళ్లకు చేరాయి, కరస్పాండెంట్ సారు బూట్లతో సహా.

చూసి బయటికి వచ్చిన పెద్దమందడివాళ్లు ఖాళీ గుమ్మం చూసి గొడవ పెట్టేలోపే, సారు ఖాజా భాయ్‌ని బజారుకు పంపి కొత్త రబ్బరు చెప్పులు తెప్పించాడు. రెండు పక్షాలూ పిల్లల్ని చేర్పించాయి. బాలకిష్టయ్యను ఎందుకు చేర్పించావని అడిగితే, "పొద్దంత చూపెట్టిండ్రు, గా కప్ప నాకు చుట్టం లెక్కయింది. ఇంక వేరే బడికి ఎట్ల పోత?" అన్నాడు.

నా నౌకరీ నిలిచింది. కానీ ఆ ఏడు నుంచి బడిలో నా పేరు రఫీ సారు కాదు, చెప్పుల సారు. కొత్తగా వచ్చే తల్లిదండ్రులు ల్యాబు అడిగేవాళ్లు కాదు, లైబ్రరీ అడిగేవాళ్లు కాదు. "చెప్పులు ఎప్పుడిస్తరు?" అని అడిగేవాళ్లు. చివరికి సారు కరపత్రంలో కరాటే తీసేసి చెప్పులు చేర్చాడు.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పరాయివాళ్ల చెప్పులు ముట్టను, ముట్టినా మోయను, మోసినా చక్రాలున్న దేంట్లోనూ పెట్టను.

ఈ ప్రమాణం మీద ఎంత గట్టిగా ఉన్నానంటే, నా నిఖా నాడు మరదళ్లు ఆచారం ప్రకారం నా బూట్లు దాచేసి, "దుల్హే భాయ్, ఏమిస్తరు?" అని చుట్టుముట్టారు. ఏ పెళ్లికొడుకైనా అక్కడ బేరమాడతాడు. నేను మాత్రం చెమటలు కారుతుండగా లేచి నిలబడి ఒక్కటే మాట అడిగాను.

"మనం వచ్చిన బస్సు యాడుంది?"