వెళ్తున్నాం, వెళ్లొస్తాం

ఆ రోజుల్లో ప్రపంచాన్ని బాగుచేయడానికి ఎంతో కాలం పట్టదనుకునేవాణ్ణి. ఎదుటివాళ్లు అడ్డు రాకుండా వింటే చాలు. గుంటూరు వైపు చర్చావేదికల మీద శకునాలనూ ముహూర్తాలనూ ఉతికి ఆరేసిన ఊపులోనే హిజ్లీలోని ఇంజనీరింగ్ విద్యాసంస్థలో ఉద్యోగం వచ్చి, ఆ పక్కనే ఉన్న బెంగాల్ రైల్వే ఊరు ఖరగ్‌పూర్ చేరాను. మా అక్క కాపురం అక్కడే, ట్రాఫిక్ అనే పేటలోని రైల్వే క్వార్టర్లలో. వాదించడానికి ఊళ్లో ఇంకెవరూ దొరక్క అక్క అత్తగారితో పెట్టుకున్నాను. (బొబ్బిలి వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. నా వాదనంతా ఓపిగ్గా విని, "అన్నం సల్లారిపోతంది బాబూ" అనేది. నేను ఇంకో అంశం ఎత్తుకునేవాణ్ణి, అన్నం చల్లారిపోయేది.)

ఒక ఆదివారం మేనకోడలు బుల్లినీ దాని తమ్ముడు గుండునీ మ్యూజియానికీ స్టేషన్‌కీ తిప్పుతానన్నాను. అక్క నన్ను నమ్మి పిల్లల్ని అప్పగించడం అదే మొదటిసారి. గడప దగ్గర బుల్లి "మామ్మా, ఎల్లొస్తాం" అంది. అక్కడే ఆపాను. వెళ్లేవాళ్లు వెళ్తున్నాం అనాలి, అలా అన్నంతమాత్రాన తిరిగిరాకుండా పోరు, ఇదంతా భయం నేర్పిన భాష అని గడప మీదే ఉపన్యాసమిచ్చి, ఇద్దరి చేతా "వెళ్తున్నాం" అనిపించాను. అక్క అత్తగారు గడప దాకా వచ్చింది. "అలాగనకూడదు బాబూ. సరే, అనేసినారు. పిల్లల్ని జాగర్తగా తే" అంది.

మ్యూజియం, ఒకప్పుడు బ్రిటిష్ వాళ్లు స్వాతంత్ర్య ఉద్యమకారులను బంధించిన శిబిరం భవనంలో ఉంది. యంత్రాల నమూనాలు వదిలేసి గుండు ఒక ఖైదుగది ఊచలు పట్టుకున్నాడు. "ఇక్కడ పెట్టినోళ్లు ఇంటికాడ ఏటని సెప్పి వచ్చినారు మావయ్యా? వెళ్తున్నామనా, ఎల్లొస్తామనా?" నేను గోడ మీది బోర్డు చాలా శ్రద్ధగా చదివాను.

స్టేషన్‌లో ఆ ప్లాట్‌ఫారం ఎంత పొడవంటే, ఒక చివర నిలబడితే రెండో చివర పొరుగూరనిపిస్తుంది. దాని చరిత్ర మొదలుపెట్టానో లేదో, బుల్లి తమ్ముడి చెయ్యి పట్టుకుని "మావయ్యా, ఆషి" అంది. అప్పటికి నాకు వచ్చిన బెంగాలీ కూరగాయల సంచిలో పట్టేది. ఆషి అంటే వస్తాను అని మాత్రం తెలుసు. వెనకే వస్తున్నారు కదా అని, కులాలన్నిటినీ రైలు ఒకే బల్ల మీద ఎలా కూర్చోబెట్టిందో గట్టిగా వివరిస్తూ చాలా దూరం నడిచాను. మెప్పు కోసం వెనక్కి తిరిగితే, చేపల బుట్టతో ఒక బెంగాలీ పెద్దాయన నన్ను జాలిగా చూస్తున్నాడు. పిల్లలు లేరు.

అప్పుడే ఏదో రైలు వచ్చి ప్లాట్‌ఫారం నిండిపోయింది. ఎటు చూసినా బుల్లి గౌను రంగే. ఫోన్ తీసి, అక్క పేరు దాకా వెళ్లి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. పిల్లలు ఏమయ్యారోనన్నది ఒక భయం. వాళ్ల చేత "వెళ్తున్నాం" అనిపించింది నేనేనన్నది దాన్ని మించిన భయం. ఈ రెండో భయానికి శాస్త్రీయమైన ఆధారం ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసినా ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతున్నాను.

ట్రంకుపెట్టె మీద కూర్చుని పలాస బండి కోసం చూస్తున్న ఒకావిడ, "ఏటైనాది బాబూ, అలాగున్నావు?" అంది. చెప్పాను.

"ఎల్లేటప్పుడు ఏటన్నారు?"

"ఆషి అన్నారు. వస్తామని."

"వస్తామని కాదు నాయనా. బెంగాలీలు బయలెల్లినప్పుడు ఎల్తన్నామనరు, ఆషి అంటారు. మన ఎల్లొస్తామే అది. అంటే నీకు సెప్పే ఎల్లినారన్నమాట." ఆవిడకు నవ్వొచ్చింది గానీ నా మొహం చూసి ఆపుకుంది.

వెనక్కి పరుగెత్తాను. దారిలో ఒక్కో స్తంభం దాటుతుంటే నా నోరు ఏదో గొణుగుతోంది. విన్నాను. "వెళ్లొస్తామన్నారు, వస్తారు. వెళ్లొస్తామన్నారు, వస్తారు." ఎవరైనా చర్చావేదిక మిత్రులు ఆ బండి దిగుంటే నా సభ్యత్వం అక్కడే రద్దయ్యేది.

ఇద్దరూ నేను చరిత్ర మొదలుపెట్టిన స్తంభం దగ్గరే ఉన్నారు. గుండు చొక్కా తడిసింది, కళ్లు ఇంకా ఎక్కువ తడిశాయి. బుల్లి నడుం మీద చేతులు వేసుకుంది. "మేం సెప్పే కదా కుళాయి కాడకి ఎల్లినాం? ఏటీ సెప్పకుండా నువ్వే ఎల్లిపోనావు. మావయ్య తప్పిపోనాడని ఈడు ఒకటే ఏడుపు."

"తెలుగులో చెప్పొచ్చు కదే?"

"తెలుగులో అనొద్దన్నావు కదా."

ఇల్లు చేరేసరికి మామ్మగారు గడపలోనే ఉంది. ఇద్దరి తలలూ తడిమి, నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోగా "కాళ్లు కడుక్కో బాబూ, అన్నం సల్లారిపోతంది" అంది. ఆ రోజు చల్లారకముందే తిన్నాను.

మొన్న బుల్లి ఉద్యోగంలో చేరడానికి బయల్దేరింది. అదే ప్లాట్‌ఫారం. రైలు కదిలాక తలుపు దగ్గర నిలబడి, ఒక్కో అక్షరం విడదీసి, "మావయ్యా, నేను వెళ్తున్నాను" అంది. కళ్లలో అల్లరి. శకునాల మీద ఇన్నేళ్లు వ్యాసాలు రాసిన నేను, జారుతున్న చెప్పులతో బండి పక్కన నడుస్తూ "సరిగ్గా చెప్పవే" అని అరిచాను. అది నవ్వుతూ ఏదో అంది. చక్రాల చప్పుడులో నాకు వినపడలేదు. ఆషి అనే అని ఉంటుంది. ఆధారం లేదు.